తాతగారి బంగారు వాచీ: తూచే ముందు చదవాలి

పెద్దవాళ్ళు వెళ్ళిపోయాక బీరువా సర్దుతుంటే చాలా ఇళ్ళలో ఒక బంగారు వాచీ బయటపడుతుంది. గొలుసు ఎవరికి, గాజులు ఎవరికి అన్నది అప్పటికే అనుకుని ఉంటారు. వాచీ దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. తూకం వేసి పంచడానికి వీల్లేదు. ఆగిపోయింది కాబట్టి పెట్టుకోలేరు. నాన్న చేతికి చూసింది కాబట్టి వదులుకోలేరు. అప్పుడు మూడు ప్రశ్నలు పుడతాయి. ఇది నిజంగా బంగారమేనా? అమ్మితే ఎంత వస్తుంది? ఉంచుకుంటే ఎలా కాపాడుకోవాలి? మూడూ న్యాయమైనవే. వాటికన్నా ముందు అడగాల్సింది మాత్రం ఇంకొకటుంది: ఇది ఏ వాచీ, ఎక్కడిది, ఎప్పటిది? దీనికి జవాబు తెలిస్తేనే మిగతా మూడింటికీ సరైన జవాబు దొరుకుతుంది. తెలుసుకోవడానికి కావలసిన రాత చాలావరకు వాచీలోనే ఉంటుంది. తొందరపడి కరిగించినా, మెరుగు పెట్టించినా మొదట పోయేది ఆ రాతే.

మన ఇళ్ళకు ఎలా చేరాయి

మొదటి ప్రపంచ యుద్ధం దాకా మగవాళ్ళ గడియారం జేబులోనే ఉండేది. కందకాల్లో సైనికులకు జేబు తడుముకుని టైము చూసే వీలు లేక అది మణికట్టుకు ఎక్కింది. యుద్ధం ముగిశాక ఊళ్ళలోనూ ఆ అలవాటు నిలిచింది. అందుకే మన ఇళ్ళలో దొరికే బంగారు చేతి వాచీల్లో ఎక్కువ భాగం 1920ల తర్వాతివే.

తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో మంచి వాచీకి పేరుపడ్డ దుకాణం మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్. 1849లో మొదలైన వ్యాపారం అది. కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ ఉండేది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ జనం చుట్టూ చేరి చూసే గడియారం మీద ఉన్న పేరు వీళ్ళదే. ఇలాంటి పెద్ద దుకాణాలు తెప్పించుకున్న వాచీల డయలు మీద తమ పేరు వేయించుకునేవి. కాబట్టి డయలు మీది పేరు తయారుచేసినవాళ్ళదే అయి ఉండాలని లేదు. అమ్మినవాళ్ళది కావచ్చు, లోపలి మిషను మరొకరిది కావచ్చు. 1886లో మొదలైన వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, అంతకు ముందు నుంచే ఇక్కడ వ్యాపారం చేసిన ఫేవర్ లూబా బొంబాయి కేంద్రంగా దేశమంతా స్విస్ వాచీలు అమ్మాయి. మన పెద్దల నోట ఈ రెండు పేర్లూ ఇప్పటికీ వినిపిస్తాయి.

స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతుల మీద ఆంక్షలు బిగిశాయి. విదేశీ వాచీ హోదాకు గుర్తయింది, దొంగచాటుగా దిగే సరుకూ అయింది. 1961లో హెచ్ఎంటీ జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. వాటిలో బంగారు పూతతో వచ్చిన కాంచన్ పెళ్ళికొడుకుల వాచీగా పేరు తెచ్చుకుంది. 1980లలో హైదరాబాదులోనే ఆల్విన్ సంస్థ సీకో సహకారంతో వాచీలు చేసింది. అదే కాలంలో గల్ఫ్‌కు వెళ్ళిన మనవాళ్ళు సెలవుకు వచ్చేటప్పుడు బంగారు రంగు చైనుతో సీకో, సిటిజన్ వాచీలు తెచ్చారు. వారసత్వంగా వచ్చే వాచీ ఈ దారుల్లో ఏదో ఒకదాని గుండా వచ్చి ఉంటుంది. ఏ దారో తెలిస్తే అందులో ఎంత బంగారం ఉండగలదో సగం తెలిసినట్టే. గల్ఫ్ నుంచి వచ్చినవీ, హెచ్ఎంటీ, ఆల్విన్ వాచీలూ దాదాపు ఎప్పుడూ పూతవే. అసలు బంగారపు కేసులు వెతకాల్సింది ఎక్కువగా 1970కి ముందున్న స్విస్, బ్రిటిష్, అమెరికన్ వాచీల్లో.

ఒక చేదు నిజం కూడా ఈ చరిత్రలో భాగమే. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం మన పెళ్ళిళ్ళలో తరాల తరబడి సాగింది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చినా వాచీ పెళ్ళి పీటల దగ్గర నుంచి కదల్లేదు. తాతగారి వాచీ అని మనం మురిసిపోయేది నిజానికి నాయనమ్మ పుట్టింటివారు అప్పుచేసి పెట్టినది కావచ్చు. ఆ సంగతి తెలిస్తే దాచకుండా రాసి పెట్టాలి. వస్తువును గౌరవించడమంటే దాని వెనక చెల్లించినవాళ్ళను కూడా గుర్తుపెట్టుకోవడం.

బంగారమా, పూతా?

తెలుగువారికి బంగారమంటే 22 క్యారెట్లు, నైన్ వన్ సిక్స్. అంతకు తగ్గితే వన్నె తక్కువ అంటాం. వాచీ విషయంలో ఈ కొలత పక్కన పెట్టాలి. వాచీ కేసు గట్టిగా ఉండాలి. మూత బిగుతుగా పట్టాలి, అద్దం కదలకూడదు, బెల్టు లాగుడుకు కొమ్ములు వంగకూడదు. మెత్తటి మేలిమి ఆ పనికి ఆగదు. అందుకే స్విట్జర్లాండ్, ఫ్రాన్సులలో 18 క్యారెట్లు, అమెరికాలో 14, బ్రిటన్‌లో చాలావరకు 9 వాడుకలోకి వచ్చాయి. 18 క్యారెట్లంటే వెయ్యికి 750 పాళ్ళు, 14 అంటే 585, 9 అంటే 375. సోవియట్ వాచీల మీద 583 అని కనిపిస్తుంది. 9 క్యారెట్ల కేసు చూసి మోసం అనుకోనక్కర్లేదు. చట్టం ఒప్పుకున్న బంగారమే అది, సరుకులో పాలు తక్కువ, అంతే. రాగి పాలు ఎక్కువైతే ఎరుపు జీర వస్తుంది, అదీ లోపం కాదు.

పూతల్లో రకాలున్నాయి. రోల్డ్ గోల్డ్ అన్న మాట మనకు కొత్త కాదు. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి నగలు ఆ పేరు మీదే దేశమంతా వెళ్ళాయి. వాచీల్లో రోల్డ్ గోల్డ్, గోల్డ్ ఫిల్డ్ అన్నవి దాదాపు ఒకే పద్ధతి. బొబ్బట్టులో పూర్ణంలాగా మధ్యలో ఇత్తడి ఉంటుంది, పైన బంగారు రేకు వేడితో, ఒత్తిడితో అతికి ఉంటుంది. ఆ రేకు మందమైనది కాబట్టి దశాబ్దాలు నిలుస్తుంది. అమెరికా వాచీల మూత లోపల 14 క్యారెట్ గోల్డ్ ఫిల్డ్ అని ఉంటే పైరేకు మాత్రమే 14 క్యారెట్లని అర్థం. చైను మీద 1/20 12 క్యారెట్ జీఎఫ్ అని ఉంటే మొత్తం బరువులో ఇరవయ్యో వంతే బంగారం, అదీ 12 క్యారెట్లది. పాత అమెరికన్ కేసుల మీద 20 ఏళ్ళు, 25 ఏళ్ళు అని గ్యారంటీ కూడా కనిపిస్తుంది. అసలు బంగారానికి గడువు గ్యారంటీ అక్కర్లేదు కాబట్టి ఆ మాట ఉంటే అది రేకే.

దీనికన్నా పలచనిది కరెంటు పూత. స్విస్ వాచీల మీద 10 మైక్రాన్లు, 20 మైక్రాన్లు అని రాసేవారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జపాన్ వాచీల మీద ఎస్‌జీపీ, ఈజీపీ అన్న అక్షరాలు చెప్పేదీ పూత సంగతే. వెనక మూత స్టీలుదని రాసి ఉంటే సాధారణంగా ముందు కేసు కూడా పూతదే. కొన్నింటిలో బంగారు కేసుకు స్టీలు మూత పెట్టిన సందర్భాలున్నా అవి తక్కువ.

ఏ రాతా కనిపించకపోతే అరుగుదల చెబుతుంది. చొక్కా చేతి అంచు రాసుకునే చోట, కీ బుడిపె చుట్టూ, బెల్టు తగిలించే కొమ్ముల చివర్లలో భూతద్దంతో చూడండి. పూత అయితే అక్కడ ఇత్తడి పసుపో, తెల్లలోహపు బూడిదరంగో తేలుతుంది. అసలు బంగారం అరిగినా లోపల నుంచి అదే రంగు వస్తుంది.

మూత లోపలి రాత

అసలు ఆధారం వెనక మూత లోపల ఉంటుంది. దాన్ని ఇంట్లో చాకుతో తెరవకూడదు. పనితెలిసిన వాచీ మెకానిక్ దగ్గర కూర్చుని మీ కళ్ళముందే తీయించండి, మంచి వెలుతురులో ఫొటోలు తీసుకోండి.

స్విస్ బంగారానికి గుర్తులు 1880 నాటి చట్టంతో స్థిరపడ్డాయి. 18 క్యారెట్ల కేసు మీద హెల్వేషియా అనే స్త్రీ తల పక్కకు తిరిగి ఉంటుంది. 14 క్యారెట్లకు ఉడుత. 1995 నుంచి వీటి బదులు సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. కాబట్టి హెల్వేషియా తల ఉంటే వాచీ కేసు 1995కు ముందుదని కూడా తేలిపోతుంది. జెనీవా కేసు తయారీదార్లు చాలామంది తాళంచెవి బొమ్మలో తమ నంబరు వేసేవారు. ఫ్రెంచి 18 క్యారెట్ల గుర్తు గద్ద తల. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం వైపు కుటుంబాలవారు దీని కోసం కూడా చూడటం మంచిది.

బ్రిటిష్ ముద్రలు ఇంకా ఎక్కువ చెబుతాయి. ఇంగ్లండు నుంచి వచ్చే రకం వాచీ ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. 1950ల నాటి ఒమేగా, గుండ్రటి పలచని కేసు, 6 అంకె దగ్గర చిన్న సెకన్ల ముల్లు. మిషను స్విట్జర్లాండ్‌ది. మూత తీస్తే లోపల డెనిసన్ అన్న పేరు ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో కేసులు చేసిన కంపెనీ అది, 1967లో మూతపడింది. అమెరికాలో వాల్తమ్ వాచ్ కంపెనీకి పునాది వేసినవారిలో ఒకడైన ఆరన్ డెనిసన్ పేరు మీద వచ్చింది. పేరు కింద ఏ, ఎల్, డి అక్షరాలుంటాయి, అవి ఆయన పేరులోవే. పక్కనే 9, .375 అని బంగారం వన్నె. ఆ పక్కన చిన్న లంగరు బొమ్మ, అది బర్మింగ్‌హామ్ పరీక్షా కార్యాలయం గుర్తు. లండన్‌కైతే చిరుతపులి తల. చివరన ఒకే ఒక అక్షరం ఉంటుంది. ఏటా ఆ అక్షరం మారుతుంది, ఒక వరస పూర్తయితే దాని చుట్టూ ఉన్న గడి ఆకారం, అక్షరం తీరు మారతాయి. ఆ ఒక్క అక్షరాన్ని పట్టికతో పోల్చి చూస్తే కేసు ఏ సంవత్సరం పరీక్షకు వెళ్ళిందో తెలిసిపోతుంది. నాలుగు గుర్తుల్లో కేసు ఎవరు చేశారు, ఎంత బంగారం, ఏ ఊళ్ళో పరీక్షించారు, ఏ ఏడు అన్నవి చిటికెన వేలి గోరంత చోటులో ఇమిడి ఉంటాయి.

వాటి మధ్య కంటికి ఆనని గీతలు కూడా కొన్ని కనిపిస్తాయి. వాచీ బాగుచేసిన మెకానిక్కులు సూదిమొనతో గీసుకున్న గుర్తులు అవి. తమ పని తమకు తెలియడానికి ఒక నంబరు, ఒక తేదీ, ఒక్కోసారి పొడి అక్షరాలు రాసుకునేవారు. నెల, సంవత్సరం ఉన్న గీతలు రెండు మూడు దొరికితే ఆ వాచీ ఏయే సంవత్సరాల్లో నడుస్తూ ఉండేదో తెలుస్తుంది. మన ఊరి మెకానిక్కుల చరిత్ర మరెక్కడా నమోదు కాలేదు. వాళ్ళ సంతకాలు ఈ మూతల్లోనే మిగిలాయి. మెరుగు పెట్టేవాడు లోపలి భాగాన్ని కూడా రుద్దితే అవి శాశ్వతంగా పోతాయి.

మన దేశపు హాల్‌మార్క్ లేదేమిటని కొందరు కంగారుపడతారు. బీఐఎస్ హాల్‌మార్కింగ్ ఇక్కడ మొదలైంది 2000లో. నగలకు తప్పనిసరి చేసినప్పుడు కూడా వాచీలకు మినహాయింపు ఇచ్చారు. పాత విదేశీ వాచీ మీద ఆ ముద్ర లేకపోవడంలో అనుమానించాల్సింది ఏమీ లేదు.

పరీక్షలు, వాటి హద్దులు

గీటురాయి, ఆమ్లం పద్ధతి పాతదైనా పనిచేస్తుంది. కాకపోతే రాయి మీద పడేది పైపొర మాత్రమే. మందపాటి రోల్డ్ గోల్డ్ కూడా గీటుకు బంగారంలాగే పలుకుతుంది. నగల దుకాణాల్లో ఉండే క్యారెట్ మీటర్ గీత పడకుండా చెప్పేస్తుంది కాబట్టి దాన్నే ఎక్కువమంది నమ్ముతారు. అందులోని ఎక్స్ కిరణాలు బంగారంలోకి కొన్ని మైక్రాన్ల లోతు దాకానే చదవగలవు. 20 మైక్రాన్ల పూతను అది 18 క్యారెట్ల బంగారమని చూపించినా యంత్రం తప్పు చేసినట్టు కాదు, పైన ఉన్నది నిజంగా బంగారమే. కనుక మూత లోపల, బయట, అరిగిన అంచు మీద, కొమ్ము చివర, ఇలా నాలుగు చోట్ల చూపించాలి. అన్ని చోట్లా ఒకే అంకె రావాలి.

ముద్ర ఉన్నంత మాత్రాన పూర్తి నమ్మకమూ పనికిరాదు. 1940లు, 50లలో స్విట్జర్లాండ్ నుంచి పెద్ద సైజు బంగారు క్రోనోగ్రాఫ్ వాచీలు విరివిగా వచ్చాయి. డయలు మీద క్రోనోగ్రాఫ్ స్విస్ అని ఉంటుంది, మూత మీద 18 క్యారెట్లని ఉంటుంది. రెండూ నిజమే. కేసు మాత్రం కాగితమంత పలచని బంగారు రేకు, లోపల బలానికి వేరే లోహపు మూత. చూడటానికి భారీగా ఉంటుంది, బంగారం మాత్రం తక్కువ. ఎంత బంగారమన్నది తూకమే చెప్పాలి, అదీ మిషను, అద్దం, లోపలి లోహం తీసేసిన తర్వాత.

మిషను, డయలు

బంగారాన్ని మాత్రమే చూసేవారు మిషనును పనికిరాని ఇనుముగా లెక్కగడతారు. నా దృష్టిలో వాచీకి అసలు గౌరవం తెచ్చేది అదే. మామూలు పాత వాచీలో బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు ఊగుతుంది. రోజుకు నాలుగు లక్షల ముప్ఫైరెండు వేల ఊపులు. కీ ఇస్తే చుట్టుకునే ఒక్క స్ప్రింగు ఆ బలమంతా ఇస్తుంది. ఇరుసులు తిరిగే చోట అరగకుండా గట్టి రాళ్ళు పొదుగుతారు. 17 జ్యూయెల్స్ అని గొప్పగా రాసేది వాటి గురించే. అవి కృత్రిమంగా చేసిన కెంపులు, అమ్ముకునే విలువ వాటికి లేదు. రాళ్ళున్నాయని ఆశపడి ఊడదీసినవాడికి మిగిలేది పాడైన మిషనే.

మిషను మీద తయారీదారు పేరు, క్యాలిబర్ అంకె, సీరియల్ నంబరు వెతకాలి. ఒమేగా సీరియల్ నంబర్లు 1944 ప్రాంతంలో కోటికి చేరాయి. ఇలాంటి పట్టికలు పెద్ద కంపెనీలకు దొరుకుతాయి. లాంజీన్స్, పటేక్ ఫిలిప్ సంస్థలైతే తమ పాత రిజిస్టర్లు చూసి ఆ వాచీ ఎప్పుడు బయటికి వెళ్ళిందో కాగితం ఇస్తాయి. 1832 నుంచి సెంటిమియేలోనే ఉన్న లాంజీన్స్ చేతిరాత రిజిస్టర్లను జాగ్రత్తగా దాచుకుంది. బ్యాలెన్స్ పక్కన మూడు అక్షరాల కోడు ఉంటే అది అమెరికాకు దిగుమతి అయిన మిషనని గుర్తు. ఒమేగాకు ఓఎక్స్‌జీ, లాంజీన్స్‌కు ఎల్ఎక్స్‌డబ్ల్యూ. అమెరికా వెళ్ళొచ్చిన బంధువు తెచ్చాడన్న ఇంటి కథకు ఇది సాక్ష్యం కాగలదు.

కేసు, మిషను, డయలు మూడూ ఒకే కాలానివా అన్నది అతి ముఖ్యమైన ప్రశ్న. తీగలాంటి కొమ్ములు 1910లు, 20ల తీరు. పలకగా, పీపాలాగా ఉండే కేసులు 20లు, 30లవి. పలచని గుండ్రటి వాచీ 50ల ముద్దుబిడ్డ. 1930 నాటి కేసులో 1960 నాటి మిషను ఉంటే ఎప్పుడో ఎవరో కలిపారని అర్థం. అందులో మోసమే ఉండాలని లేదు. విడి భాగాలు దొరకని దేశంలో వాచీని బతికించడానికి మెకానిక్కులు చేసిన పని కూడా కావచ్చు. ఏది అసలో ఏది తర్వాతదో తెలిసి ఉంటే చాలు.

డయలు దగ్గర ఎక్కువ నష్టం జరిగేది మంచి ఉద్దేశంతోనే. పసుపెక్కిన డయలును కొత్తగా రంగేయిస్తే బాగుంటుందని ఇంటివారు అనుకుంటారు. రంగు వేసినవాడు అక్షరాలను తన చేతితో రాస్తాడు, అంకెల మధ్య ఎడం మారుతుంది, వాచీ సగం విలువ అక్కడే పోతుంది. పాత మిషనులకు మెరిసే రంగుల డయళ్ళు వేసి అమ్మే సరుకును సేకర్తలు ముంబై స్పెషల్ అని పిలుస్తారు. వారసత్వపు వాచీని ఆ వరసలో చేర్చవద్దు. ఇంకొక జాగ్రత్త: 1960ల ముందు చీకట్లో వెలిగే అంకెలకు, ముళ్ళకు రేడియం పూసేవారు. వెలుగు ఎప్పుడో ఆరిపోయినా రేడియం అలాగే ఉంటుంది, దాని సగం ఆయుర్దాయమే 1,600 ఏళ్ళు. మూసి ఉన్నంతవరకు కంగారు లేదు, ఆ పొడిని గోకడం, ఊదడం మాత్రం చెయ్యకూడదు. 1960ల నుంచి రేడియం బదులు ట్రిటియం వచ్చింది, దానికి గుర్తుగా స్విస్ అన్న మాటకు అటూ ఇటూ టి అక్షరం వేసేవారు.

వెల ఎలా కట్టాలి?

ఒక వాచీకి మూడు వెలలుంటాయి. మొదటిది కరిగించిన బంగారం వెల. లెక్క తేలిక. చేతిలో బరువుగా తోచే వాచీ నుంచి మిషను, అద్దం, బెల్టు తీసేశాక కేసు పది గ్రాములు తూగిందనుకుందాం. 18 క్యారెట్లైతే ఏడున్నర గ్రాముల మేలిమి, 9 క్యారెట్లైతే నాలుగు గ్రాములు కూడా లేదు. రెండోది వాచీగా సేకర్తలు ఇచ్చే వెల. కంపెనీ పేరు, మిషను నాణ్యత, డయలు అసలుదనం, ముద్రల స్పష్టత దాన్ని నిర్ణయిస్తాయి. అమ్మకానికి పెట్టినవాళ్ళు చెప్పే ధర చూసి మురిసిపోవద్దు, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలే కొలత. మూడోది ఇంటివారికి ఉండే విలువ. దానికి బజారు లేదు.

మొదటి రెండింటిలో ఏది ఎక్కువో వాచీని బట్టి మారుతుంది. 1932లో మొదలైన పటేక్ కలాట్రావా, 1952లో వచ్చిన ఒమేగా కాన్స్టలేషన్, బంగారంలోనూ ప్లాటినంలోనూ మాత్రమే చేసే రోలెక్స్ డే డేట్ లాంటివి చేతికొస్తే బంగారం లెక్క అసలు ఎత్తకూడదు. పేరులేని కంపెనీ చేసిన 18 క్యారెట్ల వాచీకి మాత్రం చాలాసార్లు బంగారమే ఎక్కువ ధర పలుకుతుంది. బంగారం ధర పెరిగే కొద్దీ ఈ రెండో రకం అంతరించిపోతోంది. 1980 జనవరిలో ప్రపంచ మార్కెట్లో ఔన్సు బంగారం 850 డాలర్లకు ఎగబాకినప్పుడు అమెరికా, యూరప్‌లలో ఎన్నో మంచి కేసులు కొలిమిలోకి వెళ్ళాయి. కేసులు ఊడదీసిన మిషనులు ఇప్పటికీ డబ్బాల్లో అమ్ముడవుతుంటాయి. క్వార్ట్జ్ రాకతో కీ వాచీలు పాత సరుకైన కాలం కూడా అదే. చరిత్ర విచిత్రమేమిటంటే ఆ మార్పు తెచ్చిన మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి వాచీ, 1969 డిసెంబరు 25న వచ్చిన సీకో ఆస్ట్రాన్, 18 క్యారెట్ల బంగారు కేసులోనే వచ్చింది.

ఎక్కువ అన్యాయం జరుగుతున్నది ఆడవాళ్ళ వాచీలకు. బంగారు చైనుతో, చింతగింజంత డయలుతో ఉండే వాటికి సేకర్తల గిరాకీ తక్కువ, చైనులో బంగారం ఎక్కువ. అందువల్ల అన్నిటికన్నా ముందు కరిగేవి అవే. అంత చిన్న చోట మిషను అమర్చడం ఈ కళలోనే కష్టమైన పని. 1929లో జేగర్ లెకూల్ట్ర్ చేసిన 101 అనే మిషను బరువు సుమారు ఒక గ్రాము. 1953లో పట్టాభిషేకం నాడు ఎలిజబెత్ రాణి ముంజేతికి ఉన్నది అదే మిషనుతో నడిచే వాచీ. అమ్మమ్మ చేతి వాచీని చైను తూకానికి ఇచ్చెయ్యబోయే ముందు కనీసం మూత తీయించి చూడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అభిప్రాయ భేదాలు

ఈ విషయం తెలిసినవాళ్ళ మధ్య కొన్ని తగవులున్నాయి. మెరుగు పెట్టించాలా అన్నది మొదటిది. నగలవారు పెట్టించమంటారు, సేకర్తలు ముట్టుకోవద్దంటారు. నేను సేకర్తల వైపే. ప్రతి మెరుగూ కొంత బంగారాన్ని తీసేస్తుంది, పదునైన అంచులు మొండి అవుతాయి, ముద్రలు మసకబారుతాయి. గీతలు ఇంటివాళ్ళ వాడకపు జాడలు, పోయినవి తిరిగి రావు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

నడిపించాలా, ఊరికే ఉంచాలా అన్నది రెండోది. ఏళ్ళ తరబడి ఆగిన వాచీకి నేరుగా కీ ఇవ్వడం మంచిది కాదు. లోపలి నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది, ఆ స్థితిలో తిరిగితే ఇరుసులు అరుగుతాయి. కీ ఎక్కువైపోయి వాచీ పాడైందని అనేది కూడా చాలావరకు అపోహే. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నా నడవకపోవడానికి కారణం ఎండిన నూనె. ముందు సర్వీసింగ్, ఆయిలింగ్ చేయించి, ఆ తర్వాత నాలుగైదేళ్ళకోసారి చేయిస్తూ అప్పుడప్పుడు పెట్టుకోవచ్చు. చెమట, సెంటు, నీళ్ళు తగలనివ్వకుండా, స్పీకర్ల దగ్గర, ఫోను కవరు అయస్కాంతం దగ్గర పెట్టకుండా చూసుకోవాలి. కోస్తా తేమలో బీరువాలో పెట్టేటప్పుడు తేమ పీల్చే సంచి ఒకటి పక్కన ఉంచాలి. లాకరులో ఏళ్ళ తరబడి పడి ఉండటం కన్నా పండక్కీ పబ్బానికీ చేతికి ఎక్కడమే వాచీకి మేలని నా నమ్మకం.

అమ్మడం తప్పా అన్నది మూడోది. కాదు. ఆస్పత్రి బిల్లు కట్టడానికో, పిల్లల చదువుకో అమ్మిన వాచీ తన పని తాను చేసినట్టే. ఏమిటో తెలియకుండా అమ్మడమే నష్టం. నాలుగు రోజులు ఆగి తెలుసుకున్నవారికి కనీసం న్యాయమైన ధరైనా దక్కుతుంది, కొనుక్కున్నవారు కరిగించకుండా ఉంచుకునే అవకాశమూ ఉంటుంది.

చివరగా

చెయ్యాల్సినదాన్ని వరసగా చెబుతాను. ముందు ఏదీ తుడవకుండా అన్ని వైపులా ఫొటోలు తీయండి. బిల్లు, పెట్టె, పాత బెల్టు, మెకానిక్ రశీదు దొరికితే వాచీతో కలిపి పెట్టండి. నమ్మకస్తుడైన మెకానిక్ చేత మూత తీయించి ముద్రలు, నంబర్లు, గీతలు అన్నీ రాసుకోండి. ఆ తర్వాత బంగారం పరీక్ష, ఆపైన తూకం. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నా ఇప్పుడే కూర్చోబెట్టి అడగండి: ఎవరు కొన్నారు, ఏ పెళ్ళిలో పెట్టారు, ఎప్పుడు తాకట్టులోకి వెళ్ళి ఎలా తిరిగి వచ్చింది? జవాబులు ఒక కాగితం మీద తేదీతో రాసి వాచీ పెట్టెలో ఉంచండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు నలుగురుంటే వాచీ ఒకరి దగ్గర ఉన్నా ఆ కాగితం నకలు నలుగురి దగ్గరా ఉండాలి. బంగారం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఒక్కసారి కరిగాక ఆ ముద్రల్నీ ఆ మెకానిక్కుల గీతల్నీ ఏ డబ్బూ తిరిగి తీసుకురాలేదు. అందుకే ఉంచుకోవాలన్నా, పంచుకోవాలన్నా, అమ్మాలన్నా ముందు చదవడం పూర్తి చెయ్యాలి. తర్వాత తీసుకునే నిర్ణయం ఏదైనా అది తెలిసి తీసుకున్నదవుతుంది.